24 కిలోల ప్రొజెక్టరును ఫ్యాన్ హుక్కులకు కట్టొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. పర్లాకిమిడిలో మీ సంఘం కల్యాణమండపం. కొన్న ప్రొజెక్టరు 24 కిలోలు. తెర వెడల్పు 14 అడుగులు. పైకప్పు ఎత్తు 15 అడుగులు, 13 అడుగుల దగ్గర ఫాల్స్ సీలింగు. హాల్లో తెర వైపు భాగం ఈమధ్య పోసిన స్లాబు, తెర నుంచి 25 అడుగుల తర్వాత పాత మిద్దె. ప్రొజెక్టరు హాలు నడిమధ్యన, అంటే తెరకు 27 అడుగుల దూరంలో పెట్టాలని కమిటీ పెద్దల మాట. అక్కడ పాత ఫ్యాన్ హుక్కులు రెండున్నాయి, వాటికే కట్టేస్తానని మీ ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. సరిపోతుందా అని మీ ప్రశ్న.

కట్టొద్దు. ఆయన పనితనం మీద అనుమానంతో చెప్పడం లేదు. బరంపురం చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇన్నేళ్లలో బోల్టు తెగి కిందపడ్డ ప్రొజెక్టరును నేను చూడలేదు. బోల్టు నిక్షేపంగానే ఉంటుంది, అది పట్టుకున్న కప్పే ఊడి వస్తుంది. అందుకే ప్రొజెక్టరు సంగతి తర్వాత, ముందు మీ కప్పు సంగతి మాట్లాడుకుందాం.

మామూలు సీలింగు ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు. ఆ హుక్కు వేసినవాడు ఆ బరువునే మనసులో పెట్టుకుని వేశాడు. స్లాబు పోసేటప్పుడే ఇనుప చువ్వకు మెలేసి కట్టిన హుక్కయితే చాలా బరువే మోస్తుంది. కానీ మీవి ఎలా వేశారో ఎవరికీ తెలియదు. పైగా ఒక్క హుక్కుకు వేలాడేది ఏదైనా తిరుగుతుంది, ఊగుతుంది. ఫ్యానుకు పర్వాలేదు. ప్రొజెక్టరు వెంట్రుకవాసి కదిలినా 14 అడుగుల తెర మీద పెళ్లికూతురి ముఖం వణుకుతుంది.

ఇక పాత మిద్దె. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మనకు తెలుగు ఎలా మిగిలిందో, ఆ కాలపు మద్రాసు టెర్రసు కప్పులూ అలాగే మిగిలాయి. టేకు దూలాలో సాల దూలాలో వేసి, వాటి మీద చిన్న ఇటుకలను నిలువుగా సున్నంలో పేర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటు దిమ్మిస చేసి గచ్చు చేస్తారు. వేసవిలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ దాంట్లో యాంకర్ (హోలులో దూరి విచ్చుకుని పట్టుకునే ఇనుప గొట్టం) వేయడమంటే మైసూర్‌పాకులో మేకు కొట్టడమే. యాంకర్ ఇంకాస్త బిగిసేకొద్దీ చుట్టూ ఉన్న ఇటుక పొడి అవుతుంది. బిగించేటప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. వర్షాకాలంలో చెమ్మ పట్టి, పెళ్లిళ్ల సీజన్లో డప్పులకు అదిరి, ఏ రోజు వదులవుతుందో ఎవరికీ తెలియదు.

మీ 27 అడుగులు సరిగ్గా ఆ మిద్దె కిందకొస్తుంది. అదృష్టం బాగుంది, ఎందుకంటే అక్కడ పెట్టాల్సిన అవసరమే లేదు. మీ లెన్సు త్రో రేషియో, అంటే తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టరు పెట్టాలో చెప్పే అంకె, 1.5 నుంచి 2.0 అని రాశారు. తెర వెడల్పును దాంతో హెచ్చించండి. 14 ఒకటిన్నర రెట్లు 21, రెండు రెట్లు 28. అంటే తెర నుంచి 21 అడుగులు మొదలు 28 అడుగుల లోపు ఎక్కడ పెట్టినా జూమ్ తిప్పి తెర నిండా బొమ్మ తెచ్చుకోవచ్చు. 23 అడుగుల దగ్గర పెట్టండి, కొత్త స్లాబు అంచుకు రెండడుగులు లోపలికి వస్తారు. జూమ్ లెన్సులు మామూలుగా దగ్గరి వైపు కాస్త ఎక్కువ వెలుతురు ఇస్తాయి, అదీ లాభమే. హాలు నడిమధ్యన ఉంటేనే అందం అని కమిటీలో ఎవరైనా పట్టుబడితే, కిందపడితే అందంగా ఉండదని చెప్పండి.

దూరం ఖరారు చేసే ముందు ఒక పని. ప్రొజెక్టరును నిచ్చెన మీద కాదు, పెళ్లి భోజనాల బల్ల మీద పెట్టి 23 అడుగుల దగ్గర నుంచి తెర మీదికి వెయ్యండి. బొమ్మ నిండిందా, అంచులు సమంగా ఉన్నాయా చూసుకుని నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి తూకపు గుండు కట్టిన దారం పట్టి కప్పు మీద గుర్తు తీసుకోవాలి. చాలామంది ముందు హోలు కొట్టేసి, ఆ తర్వాత బొమ్మ వంకరొచ్చిందని కీస్టోన్‌తో సరిచేస్తారు. కీస్టోన్ అంటే బొమ్మను నొక్కి పిండడమే, స్పష్టత పోతుంది. మీ మిషనుకు లెన్సు షిఫ్టు (మిషను కదపకుండా లెన్సును జరిపి బొమ్మను జరిపే ఏర్పాటు) ఉంది, దాన్ని వాడండి.

ఇప్పుడు ఫాల్స్ సీలింగు పలకలు నాలుగు తీయించి తల పైకి పెట్టి చూడండి. ఆ పలకలు, వాటి సన్న ఫ్రేము తమ బరువు తాము మోసుకోవడానికే, ఇంక దేనికీ కాదు. పైన స్లాబు అడుగున గోధుమరంగు చారలున్నాయా చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ తుపాను తర్వాత ఎన్ని కప్పుల్లో నీరు దిగిందో! స్లాబులోకి నీరు దిగితే లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద కాంక్రీటు పెచ్చులుగా లేస్తుంది. చిన్న సుత్తితో రెండడుగుల చదరమంతా తట్టండి. టంగుమంటే సరే. డొల్లగా బొద్దుమని మోగితే అక్కడ వద్దు, పక్కకు జరగండి. మీ స్లాబు కొత్తదే అయినా తట్టి చూడ్డానికి ఖర్చేం కాదుగా.

హోలు కొట్టేటప్పుడు నేను చూసేది డ్రిల్లును కాదు, రాలే పొడిని. మొదట తెల్లగానో లేత బూడిదగానో మెత్తటి పొడి వస్తుంది, అది ప్లాస్టరింగు. తర్వాత బిట్టు గట్టిగా తన్నుతుంది, ముదురు బూడిద పొడిలో చిన్న చిన్న రాతిపలుకులు కనిపిస్తాయి, అది కాంక్రీటు. ఎర్రటి పొడి వచ్చిందంటే ఇటుకలో ఉన్నారు, ఆపేయండి. ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. పని కొత్తలో ఒక హాల్లో కప్పు ప్లాస్టరింగు దాదాపు అంగుళంన్నర మందం ఉందని గమనించలేదు. ఎత్తుపల్లాలు సరిచేయడానికి మేస్త్రి మందంగా మెత్తాడు. నా యాంకర్ సగానికి పైగా ఆ మెత్తులోనే ఉంది. బ్రాకెట్ బిగించాను, చేత్తో లాగితే కదల్లేదు. ప్రొజెక్టరు తగిలించబోతుండగా పళ్లెమంత ప్లాస్టరింగు పెచ్చు, దాంతోపాటు యాంకరు, నా భుజం మీద పడ్డాయి. ప్రొజెక్టరు ఇంకా మా ఇద్దరి చేతుల్లోనే ఉంది కాబట్టి బతికిపోయాం. అప్పటి నుంచి యాంకర్ వేసే చోట ప్లాస్టరింగును ఉలితో చెక్కి, కాంక్రీటు కనిపించాకే హోలు కొడతాను.

యాంకర్ అంటే ప్లాస్టిక్ రావల్‌ప్లగ్గులు కాదు. ఇంత బరువుకు వాటి ఊసే వద్దు. 10 ఎంఎం రాడ్డుకు సరిపోయే ఇనుప డ్రాపిన్ యాంకర్లు నాలుగు తీసుకోండి. వీటికి 12 ఎంఎం బిట్టుతో 40 ఎంఎం లోతు హోలు కావాలి. బిట్టు మీద 40 దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. హోలు కొట్టాక లోపలి పొడిని గాలిపంపుతో ఊదెయ్యాలి, బ్రష్షు పెట్టి తిప్పి మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే యాంకరు కాంక్రీటును కాదు, పొడిని పట్టుకుంటుంది. తల పైకెత్తి చేసే పని కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. నేను ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, దానికి చిల్లు పెట్టి బిట్టుకు గొడుగును తిరగేసినట్టు తగిలిస్తాను, పొడంతా అందులోనే పడుతుంది. యాంకర్ లోపలికి పెట్టాక దానికే వచ్చే సెట్టింగ్ పంచితో కొట్టాలి. పంచి భుజం యాంకర్ అంచుకు తాకేదాకా కొడితేనే లోపల విచ్చుకుంటుంది. సగం కొట్టి వదిలేసినవే ఎక్కువగా జారతాయి.

హోలు మధ్యలో బిట్టు ఉన్నట్టుండి ఆగిపోయి, మోత మారి, పొడిలో మెరుపు కనిపిస్తే చువ్వ తగిలింది. మొండిగా కోసెయ్యొద్దు, అదే కదా స్లాబును మోసేది. రెండు మూడు అంగుళాలు పక్కకు జరిగి కొత్త హోలు కొట్టి, పాతదాన్ని గ్రౌట్‌తో నింపండి.

బరువు లెక్క ఇలా వెయ్యండి. ప్రొజెక్టరు 24, బ్రాకెట్టు, పైపు, ప్లేటు కలిపి ఇంకో ఎనిమిది అనుకుందాం, మొత్తం 32 కిలోలు. దానికి ఐదు రెట్లు తట్టుకోవాలి, అంటే 160. మంచి కాంక్రీటులో సరిగ్గా వేసిన నాలుగు యాంకర్లకు ఇది పెద్ద బరువు కాదు. కంపెనీ చార్టు చూస్తే ఒక్కోటి వందల కిలోలు లాగుతుందని ఉంటుంది. ఆ చార్టు మీ స్లాబును చూసి రాసింది కాదు. అందుకే నేను పరీక్ష పెడతాను.

పరీక్షకు మూడు సిమెంటు బస్తాలు చాలు. బస్తా 50 కిలోలు, మూడు కలిపి 150, ఇంచుమించు ఐదు రెట్లు. కప్పుకు ప్లేటు బిగించి, దాని నుంచి గొలుసు దింపి, బస్తాలు నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఉండేలా వేలాడదీసి రాత్రంతా ఉంచండి. ఊడినా నాలుగంగుళాలే పడతాయి, ఎవరి కాలూ విరగదు. నైలాను తాడుతో మాత్రం కట్టకండి. రాత్రంతా సాగి సాగి తెల్లారేసరికి బస్తాలు నేలకు ఆనుకుని ఉంటాయి, ప్లేటు నిలబడింది కదా అని మనం సంబరపడతాం! రాడ్డు కాంక్రీటులోకి వెళ్లేచోట మార్కరుతో గీత గీసుకోండి. ఉదయం ఆ గీత కిందికి కొంచెం దిగినా ఆ యాంకర్ తీసేయాల్సిందే. ఆ రాత్రి కింద ఎవరూ పడుకోకుండా చూసుకోండి, మండపాల్లో వంటవాళ్లు ఎక్కడంటే అక్కడ నడుం వాలుస్తారు.

ప్లేటు పక్కనే అదే పద్ధతిలో ఐదో యాంకర్ ఒకటి వెయ్యండి, ఐబోల్టుతో (తలకు రింగు ఉన్న బోల్టు). దాన్నీ విడిగా అలాగే బస్తాలతో పరీక్షించండి. ముందు అది బరువు పైకి లాగడానికి పనికొస్తుంది, తర్వాత సేఫ్టీ వైరు దానికే కడతాం.

ఎత్తడం గురించి కొంచెం విస్తారంగా చెప్తాను, ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. 24 కిలోలంటే బియ్యం బస్తాలో సగం కూడా కాదు కదా, నేనొక్కడినే ఎత్తేస్తానని ఎవడో ఒక కుర్రాడు ముందుకొస్తాడు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉంటేనే ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. అంటే వస్తువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలి తిరగకుండా. చేతులు చాచినా తల పైకెత్తినా ఆ అంకె గబగబా తగ్గిపోతుంది. నిచ్చెన మీద నిలబడి, తల వెనక్కి వాల్చి, ఒక చేత్తో బరువు, ఇంకో చేత్తో నట్టు అంటే అది ఎవరి వల్లా అయ్యే పని కాదు. నిచ్చెన మనిషి ఎక్కి దిగడానికి, బరువు ఎత్తడానికి కాదు.

చక్రాల పరంజా అద్దెకు తెచ్చుకోండి. బ్రాకెట్ 12 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి పరంజా పలక ఏడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. అప్పుడు పలక మీద నిలబడ్డవాళ్లకు పని ఛాతీ ఎత్తుకు వస్తుంది. చక్రాలకు నాలుగు బ్రేకులూ వెయ్యాలి, పలక చుట్టూ కమ్మీలు ఉండాలి, మనుషులు పైనుండగా పరంజాను నెట్టకూడదు. బల్ల మీద బల్ల, దాని మీద స్టూలు వేసే పద్ధతి మన మండపాల్లో మామూలే గానీ, ఈ ఒక్కరోజుకు మానెయ్యండి.

బ్రాకెట్ రెండు ముక్కలుగా ఉండేది కొనండి. ఒక ముక్క కప్పుకు, ఇంకొకటి ప్రొజెక్టరు వీపుకు. వీపు ముక్కను నేల మీదే, దుప్పటి మీద బోర్లా పెట్టి తీరిగ్గా బిగించుకోవచ్చు. అక్కడ మాన్యువల్లో చెప్పిన స్క్రూలే, చెప్పిన పొడవే వాడాలి. పొడవెక్కువైతే లోపలి బోర్డులోకి దిగుతుంది. స్క్రూ వదులవ్వకుండా జిగురు పూసే అలవాటు కొందరికుంది, ఇక్కడ వద్దు. జిగురు, నూనె తగిలితే ప్రొజెక్టరు బాడీ పగిలి కిందపడొచ్చని ఎప్సన్ మాన్యువళ్లలోనే హెచ్చరిక ఉంది. స్ప్రింగ్ వాషరు వెయ్యండి. పైన రాడ్డులకు నైలాక్ నట్టో (వదులవ్వకుండా లోపల నైలాను రింగు ఉండేది), రెండు నట్లు ఒకదాని మీద ఒకటో బిగించండి. లెన్సు విడిగా వస్తే అది ఆఖర్న, మిషను తగిలించాకే.

ఐదో యాంకరుకు చిన్న చైన్ పుల్లీ తగిలించి, వీపు ప్లేటు నాలుగు మూలలకూ బెల్టులు కట్టి లాగండి. బెల్టు ప్లాస్టిక్ బాడీ చుట్టూ కాదు, ఇనుప ప్లేటుకే. ఊగకుండా పక్కకో తాడు కట్టి ఒకరు నేల మీద దూరంగా పట్టుకోవాలి. పరంజా మీద ఇద్దరు, గొలుసు దగ్గర ఒకరు. అంతే. కమిటీ పెద్దలు, వీడియో తీసే పిల్లలు తాడు కట్టి గీసిన గీత అవతలే.

ఇక్కడ మన వైపుకే ప్రత్యేకమైన ఒక గొడవ చెప్పాలి. రాయగడ దగ్గర ఒక హాల్లో పని. పరంజా మీద నేను, కింద గొలుసు లాగేది ఒడియా కుర్రాడు. బ్రాకెట్ అందగానే పైనుంచి "చాలు, చాలు" అని అరిచాను. వాడికి అది "చాలూ" అని వినపడింది, అంటే నడవనీ అని. "చాల" అన్నా ఒడియాలో పద, కానీయ్ అనే. వాడు హుషారుగా ఇంకో మూడు గుంజులు గుంజాడు. ప్లేటు ప్లేటుకు కొట్టుకుని ప్రొజెక్టరు మూల పగిలింది, నా వేలు రెండు మిల్లీమీటర్ల తేడాలో బయటపడింది. వాడి తప్పు రవ్వంత కూడా లేదు. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందే చెప్తాను: ఆపడానికి "స్టాప్" ఒక్కటే మాట, అది ఎవరు అరిచినా ఆపాలి. పైకి, కిందికి అనేది పైనున్న ఒక్కడే చెప్పాలి.

తగిలించి బోల్టులు బిగించాక పుల్లీ తీసేసి, అదే ఐబోల్టుకు సేఫ్టీ వైరు కట్టండి. స్టీలు వైరు తాడు, డీ షాకిల్‌తో (డీ ఆకారపు ఇనుప కొలికి), ప్రొజెక్టరు వీపు ప్లేటుకు. వైరు వదులుగా వేలాడకూడదు. అడుగు వదులుంటే అడుగు పడి ఆగుతుంది, ఆ కుదుపుకు దేన్నయినా తెంపుకుంటుంది. బ్రాకెట్‌ను అటూ ఇటూ సర్దుకోవడానికి సరిపోయేంత వదులు చాలు. వైరు మడిచి వేసే యూ క్లిప్పులు మూడు వెయ్యండి, యూ ఆకారపు కడ్డీ వైరు కోసిన కొస వైపు, జీను లాంటి ముక్క బరువు మోసే వైపు ఉండాలి. చాలాచోట్ల ఇవి తిరగేసి ఉంటాయి.

స్లాబు నుంచి మీ పైపు మూడడుగుల దాకా వస్తుంది కాబట్టి కొంచెం ఊగుతుంది. ఫాల్స్ సీలింగు పైనే, పైపు నడుం నుంచి స్లాబుకు మూడు వైపులా వాలుగా సన్న రాడ్డులు బిగిస్తే కింద ఏమీ కనిపించదు, ఊపూ ఉండదు. పైపు మరలు విడిపోకుండా జాయింటులో అడ్డంగా ఒక బోల్టు దూర్చండి.

కరెంటు సంగతి మీ ఎలక్ట్రీషియనుకే తెలుసు, రెండు ముక్కలు చాలు. ప్రొజెక్టరు పక్కనే ఎర్తుతో మూడు పిన్నుల పాయింటు ఇవ్వాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఫాల్స్ సీలింగులో పడెయ్యకూడదు. ఉరుముల కాలంలో సర్జ్ ప్రొటెక్టరు పెట్టుకోండి. హెచ్‌డీఎంఐ మామూలు రాగి కేబులు అంత దూరం నమ్మకంగా లాగదు, ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వెయ్యండి, ప్రొజెక్టరు ఎక్కించకముందే. ఇంకో మాట, ఫోకస్ సరిచేసేటప్పుడు పరంజా మీద ఉన్నవాళ్లు లెన్సులోకి చూడకూడదు, మీది లేజరు మిషను.

గోపాలపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది చదివేవాళ్లు జీఐ (జింకు పూత ఇనుము) రాడ్డులకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. రెండేళ్లకే జీఐ మరల్లో తుప్పు చూశాను.

హాలంతా పాత మిద్దే అయి, వేరే దారి లేకపోతే ఏం చేయాలని ఇంకొకరు అడిగారు. అప్పుడు ఇటుకను ముట్టుకోకుండా దూలాన్ని పట్టుకోవాలి. ముందు స్క్రూడ్రైవరుతో దూలం పొడిచి చూడండి, ముఖ్యంగా గోడలోకి దూరే చివరలు. అక్కడే చెమ్మ, చెద. మెత్తగా దిగితే ఆ దూలానికి బరువు పెట్టకూడదు. గట్టిగా ఉంటే రెండు దూలాల మీదుగా ఇనుప ఛానెల్ వేసి, దూలం చుట్టూ పట్టీలతో బిగించడం మేలు. బోల్టు వెయ్యక తప్పకపోతే దూలం పక్క నుంచి, నడిమి ఎత్తులోనో ఆ పైనో వెయ్యండి. దూలం అడుగున ఎప్పుడూ హోలు కొట్టకండి, సాగదీత బలమంతా అక్కడే ఉంటుంది.

మీరు ముందు చేయాల్సింది ఒకటే. ఫాల్స్ సీలింగు పలకలు తీయించి, కొత్త స్లాబు, పాత మిద్దె కలిసే అంచు తెర నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో టేపు పట్టి ఫొటో పెట్టండి. 25 అని మీరు చెప్పింది కింద గోడను చూసి అంటున్నారో, పైన కప్పును చూసి అంటున్నారో నాకు అర్థం కాలేదు. అది తేలాక 23 అడుగులు ఉంచాలా, 22కు తేవాలా చెప్తాను.